తోడల్లుడి కొడుకు చదివే బడి

మా ఇద్దరు బావల మధ్య నా బతుకు అడకత్తెరలో పోకచెక్క. పెద్దక్క మొగుడు నేను కనిపించగానే అడిగే మొదటి ప్రశ్న, “చిన్నోడు ఏం కొన్నాడు?” చిన్నోడంటే చిన్నక్క మొగుడు, ఈయనకి తోడల్లుడు. ఏమీ కొనలేదంటే నమ్మడు, దాస్తున్నానని కోపం. ఫలానాది కొన్నాడంటే ఆ పూట అన్నం సరిగ్గా తినడు. ఎటు తిరిగీ తిట్లు నాకే.

పెద్ద బావది కాటాలు బాగుచేసే పని. మార్కెట్టు వెనక సందులో ఆయన కొట్టు. లోపల అడుగు పెట్టాలంటే ఊడదీసిన పళ్ళేల మధ్య దారి వెతుక్కోవాలి. పాతకాలపు తక్కెడ నుంచి అంకెలు వెలిగే కాటా దాకా ఏదైనా సరే ఆయన చేతిలో పడితే బుద్ధి తెచ్చుకుంటుంది. ఆయనకో పద్ధతుంది. ఒకే తూకపు రాయిని మూడుసార్లు పెట్టి, మూడుసార్లు తీస్తాడు. మూడుసార్లూ ఒకే అంకె చూపిస్తేనే కాటాని తూనికల ఆఫీసుకి సీలు వేయించడానికి పంపుతాడు. సీలుకి ఏడాది దాటితే ఆ కాటా చూపే అంకెని నమ్మడు, “ఇది చచ్చిన సీలు” అంటాడు. ముల్లు కాస్త పక్కకి జరపమని ఒక షావుకారు అడిగితే, ఆయన్ని సందు చివరిదాకా తిడుతూ సాగనంపాడు. ఊళ్ళో సగం మంది ఆయన్ని కాటా అనే పిలుస్తారు, నేను కాటా బావ అంటాను. అంత నిక్కచ్చి మనిషి ఇంటికొచ్చి తోడల్లుడి పేరు వింటే చాలు, ముల్లు ఒక పక్కకి వాలిపోతుంది.

పెద్దక్క పెళ్ళయిన కొత్తలో మా ఇంటికి ఆయనొక్కడే అల్లుడు. మాకు చేతులున్న కుర్చీ ఒక్కటే ఉండేది, అందులో ఆయనే కూర్చునేవాడు. ఆయన వస్తే మా నాన్న కూడా లేచి మంచం మీదికి జరిగేవాడు. కొన్నేళ్ళు అలా రాజ్యం నడిచాక చిన్నక్క పెళ్ళయింది. చిన్న బావ ఇళ్ళ బ్రోకరు, మహా మాటకారి. మొదటిసారి ఇంటికి వచ్చిన రోజున, పాపం తెలియక, పోయి పోయి ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. పెద్ద బావ గుమ్మంలో నిలబడి చూశాడు. ఈ కుర్చీ మా కొంప ముంచుతుందని నాకు అప్పుడే అనిపించింది.

అప్పటినుంచి పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టే సాగింది. చిన్న బావ సోఫా కొంటే ఈయనా కొన్నాడు, అది గుమ్మంలో పట్టక తలుపు ఊడదీయాల్సి వచ్చింది. చిన్న బావకి కళ్ళజోడు వచ్చింది. వారం తిరక్కుండా ఈయన కంటి ఆసుపత్రికి వెళ్ళాడు. అక్కడ చీటీలు పిలిచే పని మా పెద్దక్కదే. డాక్టరు పరీక్ష చేసి, మీ చూపు భేషుగ్గా ఉంది, జోడు అక్కర్లేదన్నాడట. ఈయన మొహం వేలాడేసుకుని బయటికి వస్తే అక్క నవ్వు ఆపుకోలేక చచ్చిందట. పిల్ల బడి సంగతి వచ్చేదాకా ఇవన్నీ మాకు నవ్వులాటగానే ఉండేవి.

చిట్టి మా పెద్దక్కకీ బావకీ లేకలేక పుట్టిన పిల్ల. ఒకటో తరగతిలో చేరే వయసు. దానికి మాట తడబడుతుంది. మొదటి అక్షరం దగ్గర పెదవులు బిగుసుకుపోతాయి, మెడ నరం ఉబ్బుతుంది, కాసేపటికి మాట బయటికొస్తుంది. వచ్చాక మాత్రం ముత్యంలాంటి మాట. “మామయ్యా, నీ చేతులెప్పుడూ తడిగానే ఉంటాయేం?” అని అడిగిందోసారి. నేను ప్లంబర్ని మరి. దాని ఎదుట చేయాల్సిందల్లా ఆగడం. అక్క ఆగుతుంది, నేనూ ఆగుతాను. బావ ఆగలేడు. ప్రేమ లేక కాదు, పిల్ల అవస్థ చూడలేక ఆ మాట తనే పూర్తిచేసేస్తాడు. చిన్న బావ ఎదురుగా ఉంటే ఇంకా తొందర. ఎందుకంటే చిన్న బావ కొడుకు చిట్టికన్నా కొద్ది నెలలే పెద్ద, వాణ్ణి మేం ముద్దుగా రేడియో అంటాం. ఒకసారి మొదలుపెడితే ఆపడానికి మీట లేదు. వాడు గడగడా పద్యం అప్పజెబుతుంటే పెద్ద బావ నవ్వుతూనే వినేవాడు. ఏడవలేక నవ్వడమంటే ఏమిటో తెలియాలంటే ఆ మొహం చూడాలి.

ఆ రేడియోని నర్సరీ నుంచే ఊళ్ళో అందరూ పెద్ద బడి అనేదాంట్లో వేశారు. మా దగ్గర ప్రాథమిక బడులన్నిటికీ తనిఖీ ఉంటుంది. అధికారులు వచ్చి పాఠాలు విని, పిల్లల పుస్తకాలు తిరగేసి, అత్యుత్తమం, మంచిది, మెరుగుపడాలి అని ఏదో ఒకటి తేల్చేస్తారు. ఆ నివేదికలూ, పిల్లల ఫలితాలూ ఇంటర్నెట్టులో ఎవరైనా చూసుకోవచ్చు. పెద్ద బడికి అత్యుత్తమం వచ్చింది. ఆ మాట ఫ్లెక్సీ మీద కొట్టించి గేటుకి కట్టారు. చిన్న బావ తన కొడుకుని ఆ ఫ్లెక్సీ కింద నిలబెట్టి ఫోటో తీసి చుట్టపక్కాలందరికీ పంపాడు. పెద్ద బావ ఆ ఫోటోని వేళ్ళతో పెద్దది చేసి చూడటం, మళ్ళీ చిన్నది చేయడం నేను కళ్ళారా చూశాను. ఆయన చూస్తున్నది పిల్లవాడిని కాదు, ఆ అక్షరాల్ని.

చిట్టికి బడి వెతకాల్సిన ఏడు రాగానే బావ నివేదికల మీద పడ్డాడు. కొట్టుకి వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి మరీ చదివాడు. చదవడమంటే పెద్ద బడిదొక్కటే, మళ్ళీ మళ్ళీ. ఫలితాల పట్టికలో అది పైన ఉంది కాబట్టి కింద ఏముందో చూడనక్కర్లేదన్నాడు. నేను ఊరుకోలేక నివేదిక మొదటి పేజీలో తేదీ చూపించాను. ఆ తనిఖీ జరిగి చాలా ఏళ్ళయింది, అప్పటి హెడ్‌మిస్ట్రెస్ కూడా ఇప్పుడు లేదు.

“నీ లెక్కలో ఇది చచ్చిన సీలు కదా బావా” అన్నాను.

“గట్టి బడికి ఊరికే తనిఖీలు ఎందుకురా” అన్నాడు. ఆ తర్వాత, కుళాయిలు తిప్పుకునేవాడికి చదువుల సంగతెందుకని కూడా అన్నాడు. నాకు ఒళ్ళు మండి లేచి వచ్చేశాను.

అక్క పద్ధతి వేరు. ఆమె నివేదికలు చదివింది, చదివి ఊరుకోకుండా తల్లిదండ్రుల్ని లోపలికి రానిచ్చే రోజు చూసి చిట్టిని వెంటబెట్టుకుని బడులకి వెళ్ళింది. పెద్ద బళ్ళో నేల అద్దంలా ఉందట. ప్రశ్న అడగ్గానే చేతులు లేచాయట, ఎవరు ముందు చెబితే వాళ్ళకి స్టారు. వారం వారం పరీక్ష పెట్టి మార్కుల వరసలో కూర్చోబెడతారని అక్కడి ఆయమ్మ గొప్పగా చెప్పిందట. బస్టాపు పక్కన ఇంకో బడి ఉంది. దానికి మంచిది అని వచ్చింది, అత్యుత్తమం కాదు. ఫలితాల పట్టికలో నడిమధ్యన ఉంటుంది. కానీ నివేదికలో ఒక ముక్క రాశారు: ఇక్కడికి వెనకబడి వచ్చిన పిల్లలు చాలా ముందుకు వెళుతున్నారని. ఆ ముక్క పట్టుకునే అక్క అక్కడికి వెళ్ళింది. ఒకటో తరగతి టీచరు చిట్టి ఎదురుగా నేల మీద కూర్చుని, గోడ మీది బొమ్మ చూపించి అదేమిటని అడిగింది. చిట్టి మొదలుపెట్టి ఆగిపోయింది. టీచరు మాట అందివ్వలేదు, తల కూడా ఊపలేదు, అలా చూస్తూ కూర్చుంది. తరగతిలో పిల్లలు కూడా అలవాటైనట్టు ఊరుకున్నారు. చివరికి “తాబేలు” అంది చిట్టి. “అవును, తాబేలే” అని టీచరు పక్క బొమ్మకి వెళ్ళింది. అంతే జరిగింది. అక్క ఆ రోజు బస్టాపులో నిలబడి ఏడ్చిందట. ఆ సాయంత్రమే ఫోనులో చిన్నక్కకి చెప్పింది, నాకూ చెప్పింది. మొగుడికి మరీ మరీ చెప్పింది.

ఇంట్లో వారం రోజులు రభస నడిచింది. అక్క నెత్తీ నోరూ కొట్టుకుంది, బావ వినలేదు. మాటకారి కొడుక్కి అత్యుత్తమమా, మాట రాని పిల్లకి మామూలుదా, లోకం ఏమనుకుంటుంది అన్నాడు. లోకమంటే ఎవరో మాకు తెలుసు, ఆ లోకానికి కళ్ళజోడు కూడా ఉంది. చివరికి రాజీ కుదిరింది. సీట్లు పంచే విద్యాశాఖ ఆఫీసు దరఖాస్తులో మూడు గళ్ళుంటాయి. ఇష్టమైన బడులు వరసగా రాయాలి. మొదటి దాంట్లో చోటు లేకపోతే రెండోది చూస్తారు, తర్వాత మూడోది. ఏదీ కుదరకపోతే ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పడేస్తారు. మొదటి గడిలో పెద్ద బడి, రెండో గడిలో బస్టాపు బడి రాస్తానని బావ మాటిచ్చాడు. పెద్ద బడికి దగ్గరగా ఉన్నవాళ్ళకే ముందు ఇస్తారు, మనం దూరం, కాబట్టి రెండోదే వస్తుందని అక్క లోలోపల ధైర్యంగా ఉంది.

తర్వాత బావ చేసిన పని మాకు చాలా రోజుల దాకా తెలియదు. జరిగిన చోటే చెప్పేస్తాను. కొట్టులో ఒక కాటాకీ ఇంకో కాటాకీ మధ్య ఫోను తీసి దరఖాస్తు నింపాడు. మొదటి గడిలో పెద్ద బడి రాశాడు. రెండో గడి దగ్గర వేలు ఆగింది. అక్కడ వేరే పేరు రాస్తే, ఈ మనిషికి అంత పట్టుదల లేదు, ఏదిచ్చినా సర్దుకుంటాడని అనుకుంటారేమో అనిపించింది. ఒకే రాయి మూడుసార్లు పెడితే ఎవడూ కాదనలేడు కదా. రెండో గడిలోనూ అదే బడి రాశాడు, మూడో గడిలోనూ అదే. పంపేసి, తేలికపడి టీ తెప్పించుకున్నాడు.

ఆఫీసులో కంప్యూటరుకి కాటా పద్ధతి ఏం తెలుసు? ఒకే పేరు మూడుసార్లు ఉంటే దాన్ని ఒక్కసారే లెక్కేసింది. పెద్ద బళ్ళో చోటు లేదు. చిట్టిని తీసుకెళ్ళి ఊరికి ఆ చివర, రెండు బస్సులు మారి వెళ్ళాల్సిన బళ్ళో వేశారు. దానికి మెరుగుపడాలి అని వచ్చింది. పాపం అక్కడి టీచరు చెడ్డది కాదు. తరగతి నిండా పిల్లలు, ఆవిడకి ఊపిరి పీల్చుకునే తీరిక లేదు. హాజరు పిలిచేటప్పుడు చిట్టి పలికేలోపే తర్వాతి పేరుకి వెళ్ళిపోతుంది. నాలుగు రోజులు చూసి చిట్టి ప్రయత్నించడం మానేసింది. చెయ్యెత్తి ఊరుకుంటుంది. తర్వాత ఇంట్లో కూడా అంతే. నీళ్ళు కావాలంటే గ్లాసు చూపిస్తుంది. నేను వెళితే చెయ్యి పట్టుకుంటుంది గానీ ఒక్క మాట అడగదు. 

బావ మాత్రం ఆఫీసుని తిట్టాడు. రెండు బళ్ళూ నిండిపోయాయట, రెంటికీ చెడ్డ రేవడి అయ్యాం అన్నాడు. చిన్నోడికి పైన ఎవరో తెలిసే ఉంటారు, లేకపోతే వాడికెలా వచ్చిందన్నాడు. బస్టాపు బడి వెయిటింగు లిస్టులో పేరు రాయించమని అక్క బతిమాలితే, రాయించానన్నాడు. ఆయన రాయించింది పెద్ద బళ్ళో. అక్క నమ్మింది. తూకంలో ఆవగింజంత తేడా రానివ్వని మొగుణ్ణి నమ్మకపోతే ఎవర్ని నమ్ముతుంది?

బళ్ళు తెరిచి నెల దాటాక, ఒక ఆదివారం మధ్యాహ్నం చిన్న బావ వచ్చాడు. నేను వంటింటి కుళాయి వాషరు మార్చి అప్పుడే ముందుగదిలో కూర్చున్నాను. అక్క బట్టలు మడతపెడుతోంది. చిట్టి పక్కగదిలో ఏదో ఆడుకుంటోంది. చిన్న బావ సోఫా అంచున కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. మాటకారి మాట్లాడకపోతే ఎంత భయంగా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

చివరికి తనే మొదలుపెట్టాడు. రేడియో పెద్ద బడి మానేశాడట. ఒకటో తరగతికి వచ్చాక వారం వారం పరీక్ష, వెనక బల్లకి పంపడం. పొద్దున్నే కడుపునొప్పి, తిన్నది కక్కేయడం, రాత్రిళ్ళు పక్క తడపడం. పాత హెడ్‌మిస్ట్రెస్ వెళ్ళిపోయినప్పుడే మంచి టీచర్లు కూడా వెళ్ళిపోయారట. గేటుకి ఫ్లెక్సీ మాత్రం అలాగే ఉంది.

“బడి పాడైందని ఎప్పుడో తెలుసు అన్నయ్యా. చెప్పుకోలేకపోయాను” అన్నాడు. “మీరు కుళ్ళుకుంటున్నారని తెలిసి ఇంకాస్త గొప్పలు పోయాను. అన్నన్ని గొప్పలు పోయాక, వాడు ఏడుస్తున్నాడని ఏ మొహం పెట్టుకుని చెప్పను?”

పెద్ద బావ మొహంలో ఏదో వెలిగింది. ఇన్నేళ్ళకి తోడల్లుడు కింద ఉన్నాడు, ఆయన పైన ఉన్నాడు. ఆ సుఖం ఆయన దాచుకోలేకపోయాడు. “అయ్యో పాపం” అన్నాడు గానీ, కాళ్ళు చాపుకుని వెనక్కి వాలి మరీ అన్నాడు.

పిల్లవాణ్ణి ఇప్పుడెక్కడ వేస్తున్నారని అక్క అడిగింది.

“బస్టాపు బళ్ళో వదినా. మీరు చెప్పారు కదా మా ఆవిడకి, ఆ టీచరు గురించి. ఎవరో ఊరు మారితే ఒక్క సీటు ఖాళీ అయిందట, అడగ్గానే ఇచ్చారు. వెయిటింగులో ఒక్క పేరు కూడా లేదన్నారు.”

అక్క మడతపెడుతున్న చొక్కా ఒళ్ళోకి జారింది. ఒక్క పేరు కూడా లేకపోవడమేమిటి, మా పేరుంది కదా అంది. చిన్న బావకి ఇంకా అర్థం కాలేదు. మంచివాడిలా వివరం చెప్పాడు. అక్కడ మొదట చాలా సీట్లు మిగిలాయట, రెండోదిగా రాసినవాళ్ళందరికీ ఇచ్చాకే నిండిందట, మీకు ఎందుకు రాలేదో అడిగి చూడాల్సింది వదినా అన్నాడు.

అక్క మొగుడి వైపు తిరిగింది.

“రెండో గడిలో ఏం రాశారు?”

 అక్క మళ్ళీ అడగలేదు, చూస్తూ ఉంది. చిట్టి మాట కోసం ఎలా చూస్తుందో అలాగే.

“అదే బడి” అన్నాడు బావ.

“మూడో దాంట్లో?”

“అదే. మూడుసార్లు పెడితే గట్టిగా ఉంటుందని...”

“మూడు గళ్ళూ మీ తోడల్లుడి కొడుకుని చూసే రాశారన్నమాట” అంది అక్క. “మన పిల్లని చూసి ఒక్క గడి కూడా రాయలేకపోయారా?”

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బావ కూడా పెంచేవాడు, గొడవై సద్దుమణిగేది. చిన్న బావ తల దించుకుని, మా సీటు వదిలేస్తాం వదినా, మీరు వెంటనే అడగండి, పాపకి ఇచ్చేస్తారు అన్నాడు.  అక్క వద్దంది. వాడు నెలరోజులుగా తిన్నది కక్కుకుంటున్నాడు, వాడు మాత్రం పిల్లవాడు కాదా అంది. రేపు పొద్దున్నే తనే వెళ్ళి వెయిటింగులో పేరు రాయిస్తానంది. ఆ ఏడు ఇంకో సీటు ఖాళీ అవుతుందో లేదో ఎవరికీ తెలియదు. నాకు ఇద్దరు అక్కల మీదా జాలి వేసింది, చిన్న బావ మీద కూడా మొదటిసారి జాలి వేసింది.

పెద్ద బావ చాలాసేపు నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు. కుమిలిపోతున్నాడని అనుకున్నాను. ఇక లేచి పిల్ల దగ్గరికి వెళతాడు, తప్పయిందంటాడు అనుకున్నాను. ఆయన తలెత్తి తోడల్లుడి వైపు చూశాడు.

“అయితే పెద్ద బళ్ళో మీవాడి సీటు ఖాళీ అయినట్టేగా?” అన్నాడు.

వేళాకోళానికి అనలేదు. ఆశగా అడిగాడు, కొంచెం ముందుకి వంగి మరీ. ఆ పిల్లవాడు ఎందుకు మానేశాడో ఇప్పుడే విన్న మనిషి. నాకు అప్పటిదాకా ఆయన మీద కోపమే ఉండేది. ఆ క్షణాన భయం వేసింది. చిన్న బావ గుమ్మం వైపు చూశాడు.

అక్క ఒళ్ళోని చొక్కా తీసి మడతపెట్టి, మిగతా బట్టల మీద పెట్టింది.

“నెమ్మదిగా అడగండి, పిల్ల పక్కగదిలోనే ఉంది” అంది. “అది మాట్లాడటమే మానేసింది. వినడం మానలేదు.”